తాటాకు కట్ట నుంచి ఏ4 కాగితం దాకా: రెండో వైపు ఎటు తిప్పాలి?

ఈ ఎపిసోడ్‌లో చాలా చిన్న విషయం తీసుకుంటున్నాను. ప్రింటర్లో ఉండే ఒక ఆప్షన్. చిన్నదే గానీ, దాని వెనకాల దగ్గర దగ్గర రెండు వేల ఏళ్ల చరిత్ర ఉంది. అందులో మన తాటాకు పుస్తకాలున్నాయి, రాజులిచ్చిన రాగి రేకులున్నాయి, చైనా ఉంది, జర్మనీ ఉంది. మన ఊరి పహాణీ కూడా ఉంది.

విషయం ఏమిటంటే, మీరు కంప్యూటర్లో ఒక పట్టిక తయారుచేశారు. నిలువు వరసలు ఎక్కువున్నాయి కాబట్టి కాగితాన్ని అడ్డంగా పెట్టారు. దాన్నే ల్యాండ్‌స్కేప్ అంటున్నాం. కాగితం ఆదా అవుతుందని రెండు వైపులా ప్రింటు ఇచ్చారు. మొదటి వైపు చక్కగా వచ్చింది. కాగితం తిప్పి చూస్తే రెండో వైపు తలకిందులు! యాభై పేజీలు ఇచ్చి ఉంటే అందులో పాతిక తలకిందులు. అప్పుడు సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే రెండు మాటలు కనిపిస్తాయి: ‘ఫ్లిప్ ఆన్ లాంగ్ ఎడ్జ్’, ‘ఫ్లిప్ ఆన్ షార్ట్ ఎడ్జ్’. అంటే పొడుగు అంచు మీద తిప్పడం, పొట్టి అంచు మీద తిప్పడం. ఏది నొక్కాలో తెలియక చాలామంది ఏదో ఒకటి నొక్కేస్తారు. సగం సార్లు సరిపోతుంది, సగం సార్లు కాగితం దండగ.

మీ దగ్గర్లో ఏదైనా తెల్ల కాగితం ఉంటే ఒక్కసారి చేతిలోకి తీసుకోండి. అడ్డంగా పట్టుకోండి. పైనా కిందా పొడుగు అంచులు, ఎడమా కుడీ పొట్టి అంచులు. పెన్సిల్‌తో పైకి చూసే బాణం ఒకటి గీయండి. ఇప్పుడు పుస్తకంలో పేజీ తిప్పినట్టు, కుడి అంచు పట్టుకుని ఎడమవైపుకి తిప్పండి. వెనకాల కూడా పైకి చూసే బాణం గీయండి. గీశారా? మళ్లీ ముందు వైపుకి రండి. ఈసారి గోడ క్యాలెండరులో నెల తిప్పినట్టు, కింది అంచు పట్టుకుని పైకి తిప్పండి. వెనక బాణం ఇప్పుడు నేల చూపు చూస్తోంది కదా. కాగితం అదే, బాణం అదే. మీ చెయ్యి తిరిగిన తీరు మారింది, అంతే.

కాబట్టి రెండో వైపు ‘సరిగ్గా’ ఉందా లేదా అన్నది కాగితం మీద తేలేది కాదు. చదివేవాడి చెయ్యి ఎటు తిరుగుతుందన్న దాని మీద తేలుతుంది. తలుపుకి బందు ఎక్కడుందో తెలిస్తే తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలిసినట్టే, ఆకుకి కుట్టు ఏ అంచున ఉందో తెలిస్తే రెండో వైపు ఎలా రాయాలో తెలుస్తుంది. రెండు వైపులా రాసిన ప్రతి మనిషీ, ప్రతి కాలంలోనూ, ఈ ప్రశ్నకి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ప్రింటర్ మనల్ని అడుగుతున్నదీ ఆ ప్రశ్నే. కాకపోతే అడిగే తీరు కాస్త అర్థం కాకుండా ఉంటుంది.

ముందు మన ఇంటి నుంచే మొదలుపెడదాం. కాగితం రాకముందు మన దగ్గర పుస్తకమంటే తాటాకుల కట్ట. తాటి చెట్టు ఆకులు వాడేవారు, శ్రీతాళం ఆకులు వాడేవారు. ఆకుని కోసి, ఉడికించో నానబెట్టో, ఆరబెట్టి, నునుపు చేసి, అంచులు సమంగా కత్తిరించేవారు. చివరికి చేతికొచ్చేది రెండు మూడు వేళ్ల వెడల్పు, మూరెడు అటూఇటూ పొడవు ఉన్న పట్టీ. చెట్టు ఇచ్చిన ఆకారమే అది. నిలువు పుస్తకం చేద్దామన్నా వీలు కాదు. అంచేత మన పాత గ్రంథాలన్నీ పుట్టుకతోనే ల్యాండ్‌స్కేప్ అన్నమాట.

ఇంత పనిచేసి తయారుచేసుకున్న ఆకుని ఒకవైపే రాసి వదిలెయ్యరు కదా. గంటంతో రెండు వైపులా గీసేవారు. గంటం సిరాతో రాసేది కాదు, ఆకు పైపొరని సన్నగా గీసుకుంటూ పోతుంది. తర్వాత మసి పూసి తుడిస్తే, ఆ మసి గీతల్లో నిలిచిపోయి అక్షరం నల్లగా కనిపిస్తుంది. గీత మరీ లోతుగా పడితే ఆకు చీలుతుంది, వెనకవైపు అక్షరం దెబ్బతింటుంది. రెండో వైపుని మనసులో పెట్టుకునే మొదటి వైపు మీద చెయ్యి ఆడాలి. తెలుగు అక్షరాలు ఇంత గుండ్రంగా ఉండడానికి కూడా తాటాకు ఈనెల వెంబడి అడ్డగీతలు గీస్తే ఆకు చీలుతుందన్న భయమే కారణమని అంటారు.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. ముడి అంటే నిజంగా తాడు ముడే. ఆకులకి చిల్లు పెట్టి, అందులోంచి తాడు ఎక్కించి, పైనా కిందా చెక్క పలకలు పెట్టి కట్టేవారు. చదివేటప్పుడు తాడు వదులు చేసుకుని ఒక్కో ఆకునీ తిప్పుతారు. ఎలా తిప్పుతారు? చిల్లు ఆకుకి ఎడమవైపు ఉందనుకోండి. పుస్తకం పేజీలా కుడి నుంచి ఎడమకి తిప్పితే, ఆకు తిరగబడి చిల్లు కుడివైపుకి పోతుంది. తాడేమో ఎడమవైపే ఉంది. ఇక ఆ ఆకు కట్టలో కూర్చోదు. అదే కింది పొడుగు అంచు పట్టుకుని పైకి తిప్పితే, చిల్లు ఎడమవైపే ఉంటుంది, తాడు దారిలో తాడు ఉంటుంది. కాబట్టి తాటాకు తిరిగేది పొడుగు అంచు మీదే. వెనకవైపు అక్షరాలు కూడా అలా తిప్పితే నిటారుగా కనిపించేట్టే రాశారు.

అలా తెరిచిన కట్ట ఎలా ఉంటుందో ఊహించుకోండి. తిప్పిన ఆకు వెనకవైపు పైన, తర్వాతి ఆకు ముందువైపు కింద. చూపు పైనుంచి కిందికి జారుతుంది. ఎడమ పేజీ, కుడి పేజీ అన్న మాటే లేదు. ఉత్తరాదిన దీన్ని పోథీ అంటారు, మన పొత్తం అన్న మాటకి చుట్టమే. ప్రింటర్ భాషలో చెప్పాలంటే ఇది ల్యాండ్‌స్కేప్, రెండు వైపులా, ఫ్లిప్ ఆన్ లాంగ్ ఎడ్జ్. ఆ మాటలేవీ పుట్టకముందే మన లేఖకులు వందల ఏళ్ల పాటు వాడిన సెట్టింగ్.

ఇంకో సంగతి గమనించండి. తాటాకు పుస్తకంలో అంకె పుటకి ఉండదు, ఆకుకి ఉంటుంది. ఒక ఆకు, ఒక అంకె, రెండు వైపులు. దక్షిణాదిన ఆ అంకె మామూలుగా ముందువైపు వేసేవారు, ఉత్తరాదిన వెనకవైపు. అంటే అంకె చూస్తే ఇది ఏ ఆకో తెలుస్తుంది, ఏ వైపో కూడా తెలుస్తుంది. తాడు తెగి ఆకులు చెల్లాచెదరైనప్పుడు మళ్లీ వరస పెట్టడానికి అదే ఆధారం. ఆ అంకె ఉన్న మూల విరిగిపోయిందా, ఇక చదివేవాడు వాక్యం తోక పట్టుకుని దాని తల ఏ ఆకులో ఉందో వెతుక్కోవాలి. ముందు వెనకలు తారుమారైతే పద్యం పద్యమే తారుమారు.

పుస్తకంలో పద్యం తారుమారైతే పండితుడికి తలనొప్పి. భూమి పత్రంలో తారుమారైతే ఒక కుటుంబానికి అన్నం పోతుంది. అందుకే రెండో ఉదాహరణ రాగి శాసనాలు. తూర్పు చాళుక్యులు వేంగిని ఏలిన కాలంలో గ్రామాలూ భూములూ దానమిచ్చినప్పుడు రాగి రేకుల మీద చెక్కించి ఇచ్చేవారు. ఇవి కూడా అడ్డంగా పొడుగ్గా ఉండే రేకులే, తాటాకుని చూసి చేసిన ఆకారమే. ఒక శాసనానికి మూడో, ఐదో, కొన్నిసార్లు ఇంకా ఎక్కువో రేకులు. ఒక పక్క చిల్లు. చిల్లులోంచి రాగి కడియం. కడియం రెండు కొసలూ కలిసేచోట రాజముద్ర. తూర్పు చాళుక్యుల ముద్ర మీద వరాహం ఉంటుంది, ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న బిరుదు ఉంటుంది.

ఇక్కడ రెండు వైపుల లెక్క చూడండి. మూడు రేకులుంటే ఆరు వైపులు. కానీ మామూలుగా రాసేది నాలుగు వైపులే. మొదటి రేకు బయటివైపు ఖాళీ, చివరి రేకు బయటివైపు ఖాళీ. ఎందుకంటే బయటివైపు అరుగుతుంది, గీతలు పడతాయి. లోపలివైపులు ఒకదాన్నొకటి కాపాడుకుంటాయి. చాలా రేకులకి అంచులు కాస్త పైకి లేపి ఉంటాయి, రేకూ రేకూ రాసుకుని అక్షరం చెరిగిపోకుండా. నేటి పుస్తకానికి అట్ట చేసే పని అక్కడ ఆ ఖాళీ వైపు చేసింది.

కడియానికి ముద్ర ఎందుకు వేశారు? మధ్యలో ఎవడూ ఒక రేకు తీసెయ్యకుండా, కొత్త రేకు దూర్చకుండా. కడియం కొయ్యకుండా రేకులు విడదీయడం కుదరదు. అందుకే తర్వాతి కాలంలో శాసన పరిశోధకులు రాగి రేకుల మీద వ్యాసం రాస్తే, ‘ఇవి నా చేతికొచ్చేనాటికి కడియం కోసి ఉందా, లేదా’ అన్నది ప్రత్యేకంగా రాసేవారు. కోసి లేదంటే ఆ రేకులు మొదట ఎలా గుచ్చారో అలాగే ఉన్నాయని నమ్మకం. బైండింగ్ అంటే మనకి అందం కోసమో, సౌకర్యం కోసమో అనిపిస్తుంది. కానీ పాతకాలంలో అది సాక్ష్యం కూడా.

మనవాళ్లు ఇలా రెండు వైపులా రాస్తుంటే, చైనాలో ఇంకో దారి. వాళ్ల కాగితం పల్చన. చెక్క మీద అక్షరాలు చెక్కి, సిరా పూసి, కాగితం పరిచి, దాని వీపు మీద కుంచెలాంటి దానితో రుద్దేవారు. ఒకవైపు రుద్దాక రెండోవైపు అచ్చు వెయ్యడం కష్టం, సిరా ఇవతలికి కనిపిస్తుంది కూడా. అంచేత ఒకవైపే వేసి, కాగితాన్ని మధ్యకి మడిచి, ఖాళీ వైపుల్ని లోపల దాచేశారు. చైనా పాత పుస్తకంలో మడత బయటి అంచున ఉంటుంది, కుట్టు లోపలి అంచున ఉంటుంది. తేదీ ఉన్న అచ్చు పుస్తకాల్లో మనకి దొరికిన అతి పాతది క్రీ.శ. 868 నాటి వజ్రసూత్రం. అది కాగితపు చుట్ట, దానికీ అచ్చు ఒకవైపే. రెండోవైపు ఎటు తిప్పాలన్న సమస్యకి వాళ్ల జవాబు: అసలు రెండోవైపే వద్దు!

యూరప్‌ది మూడో దారి. జంతువుల తోలుతో చేసిన పలకల్ని మడిచి, మడత దగ్గర కుట్టి, నిలువు పుస్తకం చేశారు. కోడెక్స్ అంటారు. కుట్టు ఎడమన, అంటే పొడుగు అంచున. పేజీ కుడి నుంచి ఎడమకి తిరుగుతుంది. మీ ప్రింటర్లో రెండు వైపులా అనగానే తనంతట తాను ‘లాంగ్ ఎడ్జ్’ అని వచ్చేస్తుంది చూశారూ, దానికి మూలం ఇదే. ఆ యంత్రం మనసులో ఉన్నది యూరప్ పుస్తకం. నిలువు కాగితం, ఎడమ కుట్టు. మీరు అడ్డ కాగితం పెట్టగానే దాని ఊహ తప్పుతుంది. తిరగాల్సిన బందు ఎక్కడుందో దానికి తెలీదు, మీరే చెప్పాలి.

అచ్చు యంత్రం వచ్చాక ఈ రెండో వైపు గొడవ ఇంకా పెరిగింది. చేత్తో రాసేవాడు తప్పు పోతే ఒక ఆకు పారేస్తాడు. అచ్చులో తప్పు పోతే వందల కాగితాలు పోతాయి. 1455 ప్రాంతంలో గుటెన్‌బర్గ్ బైబిలు అచ్చువేసినప్పుడు, కాగితం ప్రెస్సులో అమర్చే చోట చిన్న సూదులు పెట్టారు. మొదటి వైపు అచ్చు పడేటప్పుడు కాగితానికి సూది చిల్లులు పడతాయి. రెండో వైపు వేసేటప్పుడు ఆ చిల్లుల్ని మళ్లీ ఆ సూదులకే తగిలిస్తారు. దాంతో ముందు వరస వెనక సరిగ్గా వెనక వరస పడుతుంది. ఆ బైబిలు ప్రతుల్లో ఆ చిల్లులు ఇప్పటికీ కనిపిస్తాయి. తాటాకుకి చిల్లు తాడు కోసం, ఇక్కడ చిల్లు అచ్చు కోసం. పని మాత్రం దగ్గరదగ్గరగా ఒకటే, రెండు వైపుల్నీ ఒక్క చోట నిలబెట్టడం.

ప్రెస్సులో పనిచేసినవాళ్లకి ఫారం అన్న మాట తెలుసు. ఒక పెద్ద షీటు మీద ఎనిమిదో పదహారో పేజీలు ఒకేసారి వేసి, తర్వాత మడిచి కోస్తారు. మరి మడిచాక పేజీలు వరసగా రావాలంటే షీటు మీద అవి వరస తప్పి ఉండాలి, కొన్ని తలకిందులుగా కూడా ఉండాలి. షీటుని రెండో వైపుకి తిప్పే పద్ధతులు రెండు. పక్కకి తిప్పితే ‘వర్క్ అండ్ టర్న్’. తల కిందికీ కాళ్లు పైకీ వచ్చేలా పల్టీ కొట్టిస్తే ‘వర్క్ అండ్ టంబుల్’. టంబుల్ అంటే పల్టీ. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో మళ్లీ వస్తుంది.

తెలుగు సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలే పట్నంలో బెంజమిన్ షుల్జ్ అనే మతబోధకుడు వేయించినవి. అంటే మన లిపి తాటాకు వదిలి నిలువు పేజీ ఎక్కింది మన దేశంలో కూడా కాదు. ఆ తర్వాత చాలా ఏళ్లకి సి.పి. బ్రౌన్ దొర కడపలోనూ ఇంకా ఇతర చోట్లా పండితుల్నీ లేఖకుల్నీ జీతాలిచ్చి పెట్టుకుని, తాటాకు ప్రతుల్ని సరిపోల్చి కాగితం మీదికి ఎక్కించాడు. ఆ శ్రమ గురించి మనం చాలా విన్నాం. నేను చెప్పేది అందులో ఒక చిన్న కోణం. పైకి తిరిగే ఆకు మీద ఉన్న పద్యం, పక్కకి తిరిగే పేజీ మీదికి వచ్చింది. మన పుస్తకానికి బందు పొడుగు అంచు నుంచి ఎడమ అంచుకి మారింది. మన చేతికి అలవాటు మారింది.

ఆ తర్వాత యంత్రాల వేగం పెరిగింది. 1814 నవంబరు 29న లండన్ టైమ్స్ పత్రిక ఆవిరితో నడిచే కోనిగ్ యంత్రం మీద అచ్చయింది, గంటకి 1,100 షీట్లు. అది ఒకవైపే. రెండు వైపులా ఒకే యంత్రంలో వేసేది కూడా కోనిగే చేశాడు, ఆ తర్వాత కొద్ది ఏళ్లకి. 1860ల్లో అమెరికాలో విలియం బుల్లక్ అనే ఆయన కాగితపు చుట్ట నుంచే నేరుగా రెండు వైపులా వేసే యంత్రం చేశాడు. పాపం, ఆ యంత్రంలోనే కాలు ఇరుక్కుని గాయమై 1867లో చనిపోయాడు.

ఇక లేజర్ ప్రింటర్. జిరాక్స్ కంపెనీలో గ్యారీ స్టార్క్‌వెదర్ 1970ల మొదట్లో తయారుచేశాడు. 1977లో వచ్చిన జిరాక్స్ 9700 నిమిషానికి 120 పేజీలు వేసేది, రెండు వైపులా కూడా వేసేది. అది గదిలో సగం ఆక్రమించే యంత్రం. బల్ల మీద పెట్టుకునే లేజర్ ప్రింటర్లో రెండు వైపుల సౌకర్యం 1988లో హెచ్‌పీ లేజర్‌జెట్ టూ-డీతో వచ్చింది. ఇప్పుడు మామూలు ఆఫీసు ప్రింటర్లలో కూడా ఉంటోంది. దీన్నే డ్యూప్లెక్స్ అంటున్నాం.

లోపల ఏం జరుగుతుందో చెప్తాను, ఇది తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. ఒకవైపు ప్రింటు పడ్డ కాగితం బయటికి వచ్చేస్తున్నట్టే వచ్చి, మళ్లీ వెనక్కి లోపలికి పోతుంది. మీరు చూసే ఉంటారు. లోపల ఒక వంపు దారిలో తిరగబడి, మళ్లీ డ్రమ్ము కిందికి వస్తుంది. ఆ దారి ఇనుముతో, ప్లాస్టిక్‌తో చేసినది. అది మీరు లాంగ్ ఎడ్జ్ అన్నారా, షార్ట్ ఎడ్జ్ అన్నారా అని చూసి తన వంపు మార్చుకోదు. కాగితం ఎప్పుడూ ఒకేలా తిరుగుతుంది. మరి మారేదేమిటి? బొమ్మ. రెండో వైపు వెయ్యాల్సిన పేజీ బొమ్మని అవసరమైతే సగం చుట్టు తిప్పి, తలకిందులుగా వేస్తుంది. అంతే. ప్రింటర్ కాగితాన్ని తిప్పడం లేదు, మీ చెయ్యి ఎలా తిప్పుతుందో ఊహించి దానికి తగ్గట్టు రాస్తోంది. మన లేఖకుడు గంటం పట్టుకుని చేసింది కూడా ఇదే కదా!

మరి ఇంత సులువైన దానికి ఇంత గందరగోళం ఎందుకు? పేర్ల వల్ల. పోస్ట్‌స్క్రిప్ట్ అని 1984లో అడోబీ కంపెనీ తెచ్చిన పేజీ వర్ణన భాష ఒకటి ఉంది. దాని రెండో రూపంలో ‘డ్యూప్లెక్స్’ అని ఒక మాట, ‘టంబుల్’ అని ఒక మాట పెట్టారు. గుర్తుందా, పల్టీ! ప్రెస్సువాళ్ల మాట నేరుగా కంప్యూటర్లోకి వచ్చేసింది. విండోస్ లోపల ప్రోగ్రామర్లు వాడే పేర్లు ‘వర్టికల్’, ‘హారిజాంటల్’. 1999లో వచ్చిన ఇంటర్నెట్ ప్రింటింగ్ ప్రమాణంలో ‘లాంగ్ ఎడ్జ్’, ‘షార్ట్ ఎడ్జ్’. ఒకరు తిప్పే తీరుకి పేరు పెట్టారు, ఒకరు దిశకి పెట్టారు, ఒకరు అంచుకి పెట్టారు. పైగా ల్యాండ్‌స్కేప్ అన్నప్పుడు చాలాసార్లు ట్రేలో కాగితం నిలువుగానే ఉంటుంది, కంప్యూటరే బొమ్మని పావు చుట్టు తిప్పి పంపుతుంది. ఒక ప్రోగ్రాము పావు చుట్టు అటు, ఇంకో ప్రోగ్రాము ఇటు. మధ్యలో డ్రైవరుకి దాని అర్థం దానిది. అందుకే ఒక కంప్యూటర్లో కుదిరింది ఇంకో కంప్యూటర్లో బెడిసికొట్టవచ్చు.

అంచేత పేర్లు మర్చిపోండి. ఒక్కటే ప్రశ్న వేసుకోండి: నేను కుట్టు ఎక్కడ వెయ్యబోతున్నాను? స్టేపుల్ పిన్ను కావచ్చు, స్పైరల్ కావచ్చు, ఫైలు దారం కావచ్చు. అది ఏ అంచున పడుతుందో ఆ అంచు పేరు చెప్పండి. అడ్డ కాగితానికి ఎడమన కుట్టు వేసి పుస్తకంలా తిప్పాలనుకుంటే, ఎడమ అంచు పొట్టిది కాబట్టి షార్ట్ ఎడ్జ్. అడ్డ కాగితానికి పైన కుట్టు వేసి క్యాలెండరులా, తాటాకులా పైకి తిప్పాలనుకుంటే, పై అంచు పొడుగుది కాబట్టి లాంగ్ ఎడ్జ్. నిలువు కాగితానికైతే ఎడమ కుట్టు లాంగ్ ఎడ్జ్, పై కుట్టు షార్ట్ ఎడ్జ్. నాలుగు ముక్కల్లో అయిపోయింది.

ముందు రెండే పేజీలు ప్రింటు తీసి చూడండి. బాణం పరీక్ష మనం చేసేశాం కదా. తలకిందులు వస్తే రెండో ఆప్షన్ పెట్టండి. మీ ప్రింటర్లో డ్యూప్లెక్స్ లేక చేత్తో తిప్పి పెట్టేవాళ్లైతే, కాగితం మూల పెన్సిల్ గుర్తు పెట్టి ఒకటి తీసి చూసుకుని, ఆ తర్వాతే మొత్తం కట్ట పెట్టండి. అది గుటెన్‌బర్గ్ సూది చిల్లు లాంటిదే అనుకోండి.

చిన్న పుస్తకం వేసుకునేవాళ్లకి ఇంకో మాట. పెళ్లి పాటలో, ఊరి చరిత్రో, బడి పత్రికో ఎనిమిది చిన్న పేజీల్లో వెయ్యాలనుకున్నారు. ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టి మధ్యకి మడిస్తే రెండు ఏ5 పేజీలు. మొదటి కాగితం ముందువైపు 8, 1. వెనకవైపు 2, 7. రెండో కాగితం ముందువైపు 6, 3. వెనకవైపు 4, 5. ఇది ప్రెస్సు ఫారం లెక్కే, ఇంటి కొలతలో. ఇక్కడ కాగితం పుస్తకంలా పక్కకి తిరుగుతుంది కాబట్టి షార్ట్ ఎడ్జ్ పెట్టాలి. సగానికి మడిచినా అదే ఆకారం నిలిచే ఈ ఏ4, ఏ5 కొలతల వరస 1922లో జర్మనీలో ప్రమాణమైంది.

ఇప్పుడు పహాణీ దగ్గరికి. ఆంధ్రలో అడంగల్ అంటారు, తెలంగాణలో పహాణీ అంటారు. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు, పంట, నీటి వసతి, ఇలా వరసలే వరసలు. నిలువు కాగితంలో పట్టదు. కరణం కవిలెకట్ట రోజుల నుంచీ భూమి లెక్క అడ్డంగా సాగేదే. 1984లో కరణాల వ్యవస్థ రద్దయింది, తర్వాత రికార్డులు కంప్యూటర్లోకి వచ్చాయి, ఆకారం మాత్రం అలాగే వెడల్పుగా ఉంది. 2020లో సుప్రీంకోర్టు కూడా తన పరిపాలన పనుల్లో ఏ4 కాగితానికి రెండు వైపులా ముద్రించే పద్ధతికి మారింది. కాగితం మిగలడం మంచిదే. కానీ రెండు వైపులా వేసిన వెడల్పు పట్టికలో వెనకవైపు తలకిందులైతే, ఫైలులో దారం వేసి కట్టాక వెనకవైపు వరస చదవాలంటే ఫైలంతా గుండ్రంగా తిప్పాలి. అలా తిప్పడం విసుగని ఎవరైనా ముందువైపే చూసి పక్కన పెట్టేస్తే? వెనకవైపు ఉన్నది ఒక రైతు పేరు కావచ్చు.

నిలువు పుస్తకంలో మధ్యలో వచ్చే అడ్డ పట్టికల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. పరిశోధన గ్రంథాల్లో చూస్తాం, పుస్తకం కుడికి పావు చుట్టు తిప్పి చదవాల్సిన పట్టికలు. అలా తిప్పగానే కుట్టు పైకి వస్తుంది. వెనక పేజీ పైన, ముందు పేజీ కింద. పట్టిక పై పేజీ నుంచి కింది పేజీకి జారుతుంది. గమనించారా? ఆ కాసేపు ఆ పుస్తకం తాటాకు కట్ట అయిపోయింది! అలాంటి రిపోర్టు మొత్తానికి లాంగ్ ఎడ్జ్ పెడితే చాలు, నిలువు పేజీలూ అడ్డ పట్టికలూ రెండూ కుదురుతాయి.

ఇప్పుడు గ్రంథాలయాల్లో తాటాకు ప్రతుల్ని ఫొటోలు తీస్తున్నారు. 2003లో మొదలైన జాతీయ రాతప్రతుల మిషన్ ఈ పని పెద్ద ఎత్తున చేపట్టింది. ఒక ఆకుకి రెండు ఫొటోలు, ముందువైపు, వెనకవైపు. విద్యార్థులకి చూపించడానికి ఎవరైనా వాటిని రెండు వైపులా ప్రింటు తీస్తే, ఏ సెట్టింగ్ పెట్టాలో ఆ ఆకే చెబుతుంది. లాంగ్ ఎడ్జ్ పెట్టి, కాగితాన్ని వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూడండి. ముందు బొమ్మలోని చిల్లు వెనక బొమ్మలోని చిల్లు మీద సరిగ్గా కూర్చుంటుంది. షార్ట్ ఎడ్జ్ పెడితే ఒక చిల్లు ఎడమన, ఒక చిల్లు కుడిన పడతాయి. ఆ ఆకుని ఎక్కించిన తాడు ఎప్పుడో చీకిపోయి ఉండవచ్చు. ఆకు ఎటు తిరగాలో ఆ చిల్లు ఇంకా చెబుతూనే ఉంది.

ఇవాళ్టికి ఇంతేనండి. ప్రింటు బటన్ నొక్కే ముందు కుట్టు ఎక్కడ వేస్తారో ఒక్క క్షణం ఆలోచించుకోండి. మీ కాగితం చదివేవాళ్లు మెడ తిప్పాల్సిన పని ఉండదు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.